తాన్ యున్-షాన్ తరగతి

(స్మారకోపన్యాస పాఠం)

1927లో రవీంద్రనాథ్ టాగోర్ సింగపూర్ వచ్చినప్పుడు ఆయన్ను కలిసినవారిలో ఒక చైనా బడిపంతులు ఉన్నాడు. హునాన్ రాష్ట్రంలోని చాలింగ్‌లో పుట్టి, చాంగ్షా ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చదివి, మలయాలో స్థిరపడ్డ చైనీయుల పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మనిషి. అప్పటికి ఇంకా ముప్ఫై నిండలేదు. శాంతినికేతన్ వచ్చి మా పిల్లలకు చైనీస్ నేర్పమని టాగోర్ అడిగారు. మరుసటి ఏడాదే ఆయన శాంతినికేతన్ చేరుకున్నారు. కొద్దిమంది విద్యార్థులకు చైనీస్ చెబుతూ, మిగిలిన వేళల్లో తాను సంస్కృతం చదువుకున్నారు. ఆయన పేరు తాన్ యున్-షాన్. 1967లో ఉద్యోగ విరమణ చేసేదాకా విశ్వభారతిలోనే ఉన్నారు. ఆ తర్వాత బుద్ధగయ చేరి 1983లో అక్కడే కన్నుమూశారు.

ఈ ఉపన్యాసం ఆయన స్మృతికి అంకితం. ఆయన తలపెట్టిన పని ఏమిటో, దాన్ని మన దేశం ఎంతవరకు కొనసాగించిందో, తెలుగునేలకు అందులో ఉన్న ప్రత్యేకమైన వాటా ఏమిటో చెప్పుకోవడమే దీని ఉద్దేశం. చైనీస్ భాషను కాలేజీలో చదవడం అనగానే ఇవాళ మన ఇళ్ళలో మొదట వినబడే ప్రశ్న ఉద్యోగం గురించి. న్యాయమైన ప్రశ్నే, దానికీ సమాధానం ఉంది. అయితే తాన్ తరగతి ఆ ప్రశ్నతో మొదలు కాలేదు.

టాగోర్ చైనా వెళ్ళింది 1924లో. ఆయన వెంట క్షితిమోహన్ సేన్, నందలాల్ బోస్, కాళిదాస్ నాగ్ వెళ్ళారు. అక్కడ స్వాగతంతో పాటు నిరసన కూడా ఎదురైంది. పాత నాగరికత గొప్పలు వినే ఓపిక తమకు లేదని వామపక్ష యువకులు కరపత్రాలు పంచారు. అయినా రెండు దేశాల పండితులు ఒకరి పుస్తకాలు ఒకరు చదవాలన్న పట్టుదల టాగోర్‌కు సడలలేదు. విశ్వభారతిలో అందుకు పునాది అంతకుముందే పడింది. 1921-22లో ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ వచ్చి చైనీస్, టిబెటన్ చదువుకు నాంది పలికారు. ఆయన దగ్గర చదివిన ప్రబోధ్ చంద్ర బాగ్చీ పారిస్ వెళ్ళి, చైనా బౌద్ధ సాహిత్యం మీద లోతైన పరిశోధన చేసి, 1954లో విశ్వభారతికే ఉపకులపతి అయ్యారు. 1925లో ఇటలీ నుంచి జుసెప్పె తూచ్చీ వచ్చారు. వీళ్ళంతా మహాపండితులే. కానీ వచ్చినవారు వచ్చినట్టే తిరిగి వెళ్ళేవారు. చదువు నిలదొక్కుకోవాలంటే ఒకరు వచ్చి ఉండిపోవాలి. తాన్ ఉండిపోయారు.

ఉండిపోయి ఆయన చేసిన పని పాఠాలు చెప్పడంతో ఆగలేదు. చైనా వెళ్ళి విరాళాలు కూడగట్టారు, పుస్తకాలు అడిగి తెచ్చారు. 1933లో నాన్‌జింగ్‌లో చైనా-భారత సాంస్కృతిక సంఘం ఏర్పడటం వెనక ఉన్నదీ ఆయనే. ఆ డబ్బుతో, ఆ పుస్తకాలతో 1937 ఏప్రిల్ 14న, బెంగాలీ సంవత్సరాది నాడు, శాంతినికేతన్‌లో చీనా భవన్ తలుపులు తెరుచుకున్నాయి. ప్రారంభించాల్సిన నెహ్రూకు ఒంట్లో బాగాలేక ఆయన సందేశం పట్టుకుని కూతురు ఇందిర వచ్చింది. ఆ భవనం గోడల మీద నందలాల్ బోస్, వినోదవిహారి ముఖర్జీ చిత్రాలు వేశారు. చైనా చిత్రకారుడు షూ బెయ్‌హాంగ్ 1939-40లో శాంతినికేతన్ వచ్చి ఉన్నారు. కొండను తవ్విపోసిన ముసలాయన కథను ఆయన ఇండియాలో ఉన్నప్పుడే పెద్ద బొమ్మగా గీశారు. అందులోని కూలీలకు భారతీయులే నమూనాలు.

చీనా భవన్ విద్యార్థికి చైనీస్ వాచకం, చైనీస్ గ్రంథాలయం, చైనీస్ కుంచె, చైనీస్ అధ్యాపకుడి కుటుంబం అన్నీ ఒకే ఆవరణలో దొరికాయి. భాష నేర్పే గది, సంస్కృతి నేర్పే గది వేరువేరుగా లేవు. చైనీస్ చదువు అక్కడ నిలవడానికి ఈ కలయికే మూలమని ఈ వక్త నమ్మకం.

ఆ చదువుకూ తెలుగువారికీ ఏమిటి సంబంధం? 1949లో శాంతినికేతన్ నుంచి ‘కరతలరత్నం’ అనే చిన్న సంస్కృత గ్రంథం వెలువడింది. దాని కర్త ఆరో శతాబ్దపు మాధ్యమిక దార్శనికుడు భావవివేకుడు. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఆయన్ను ధాన్యకటకంతో ముడిపెట్టి చెబుతాడు. ధాన్యకటకం దగ్గరి ఒక గుహలోకి ప్రవేశించి, మైత్రేయ బుద్ధుడి రాక కోసం భావవివేకుడు నిరీక్షిస్తున్నాడన్న కథను తన యాత్రా గ్రంథంలో ఎక్కించాడు. ఆ ‘కరతలరత్నం’ సంస్కృత మూలం మన దేశంలో నశించిపోయింది. హుయాన్‌త్సాంగ్ చేసిన చైనీస్ అనువాదం మాత్రమే మిగిలింది. దాన్ని చదివి, తిరిగి సంస్కృతంలోకి మలిచి అచ్చుకు ఇచ్చినవారు ఎన్. అయ్యాస్వామి శాస్త్రి. కృష్ణాతీరంలో పుట్టిన ఆలోచన పదమూడు వందల ఏళ్ళు చైనాలో తలదాచుకుని, బెంగాల్‌లోని ఒక చైనీస్ చదువుల కేంద్రం ద్వారా మళ్ళీ ఈ దేశపు భాషలోకి వచ్చిందన్నమాట.

ఇదొక్కటే అయితే అరుదైన విశేషమని చెప్పుకుని ఊరుకోవచ్చు. కానీ వరస పెద్దది. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే ‘సుహృల్లేఖ’కు చైనీస్‌లో మూడు అనువాదాలున్నాయి. వాటిలో ఒకటి ఏడో శతాబ్దం చివర మన దేశంలో ఏళ్ళ తరబడి గడిపిన చైనా భిక్షువు ఇత్సింగ్‌ది. ఇక్కడి విద్యార్థులు చదువు తొలినాళ్ళలోనే ఆ లేఖను కంఠస్థం చేసేవారని ఆయన రాశాడు. ఆ రోజుల్లో పిల్లల నోట పలికిన పుస్తకానికి ఇప్పుడు సంస్కృత మూలం పూర్తిగా లేదు. నాగార్జునుడి పేర ఉన్న ‘మహాప్రజ్ఞాపారమితాశాస్త్రం’ కుమారజీవుడు ఐదో శతాబ్దం మొదట్లో చేసిన వంద భాగాల చైనీస్ అనువాదంలోనే దొరుకుతుంది. దాని కర్తృత్వం మీద పండితుల్లో వాదాలున్నాయి. ఆ వాదాల్లో పాల్గొనాలన్నా చైనీస్ చదవగలగాలి. బెల్జియం పండితుడు ఎతియెన్ లామోత్ 1944 నుంచి 1980 దాకా ఐదు సంపుటాల్లో ఫ్రెంచిలోకి తెచ్చిందీ అందులో కొంత భాగమే. ఇక దిఙ్నాగుడు వేంగి నగరానికి సమీపంలోని కొండ మీద తర్కశాస్త్రం రచించాడని హుయాన్‌త్సాంగ్ చెబుతాడు. దిఙ్నాగుడి ‘న్యాయముఖం’ కూడా చైనీస్‌లోనే బతికింది. దాన్ని 1930లో ఇంగ్లీషులోకి తెచ్చింది ఇంతకుముందు చెప్పుకున్న తూచ్చీయే.

ధరణికోట, అమరావతి, పెదవేగి, నాగార్జునకొండ ఊళ్ళ పేర్లు మన పిల్లలకు తెలుసు. అక్కడ ఆలోచించినవారి పుస్తకాలు ఏ లిపిలో ఉన్నాయో తెలిసిన పిల్లలు ఎందరు? ఇది బాధతో అడగాల్సిన ప్రశ్న. సంస్కృతం చదివాం, పాళీ కొంత చదివాం, శాసనాలు చదివాం. మన నేల మీది బౌద్ధ చింతనలో పెద్ద భాగాన్ని కాపాడిన లిపి జోలికి మాత్రం తెలుగునాట విశ్వవిద్యాలయాలు దాదాపుగా వెళ్ళలేదు.

హుయాన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగాడు. ఎందుకు ఆగాడో ఆయన శిష్యుడు హుయిలి రాసిన జీవితచరిత్రలో ఉంది. మహాసాంఘికుల త్రిపిటకం బాగా తెలిసిన సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు అక్కడ ఉన్నారు. వారి దగ్గర ఆయన అభిధర్మం చదివాడు. వారు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడన్న పట్టింపు లేకుండా ఇరువైపులా సాగిన ఆ చదువుకు, తాన్ యున్-షాన్ శాంతినికేతన్‌లో చైనీస్ చెబుతూ సంస్కృతం నేర్చుకోవడానికి మధ్య పదమూడు వందల ఏళ్ళున్నాయి. పద్ధతి మాత్రం ఒకటే.

ఇక భాష సంగతి. చైనీస్ కష్టమని భయపెట్టేవారికి లోటు లేదు. నిజంగా కష్టమైనవి కొన్ని ఉన్నాయి. స్వరం వాటిలో మొదటిది. ప్రామాణిక చైనీస్‌లో నాలుగు స్వరాలు, వాటికి తోడు తేలిగ్గా పలికే తటస్థ స్వరం ఒకటి. ‘మాయ్’ అన్న శబ్దాన్ని కిందికి వంచి పలికితే కొనడం, పైనుంచి తెగేసినట్టు దించితే అమ్మడం. బజారులో ఇంతకంటే ముఖ్యమైన తేడా ఇంకేముంటుంది? చెవి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. తరగతిలో రోజూ గట్టిగా పలకడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

అయితే తెలుగు పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. దాన్ని మన బోధనలో ఎవరూ వాడుకోవడం లేదు. చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతిని చైనా ప్రభుత్వం 1958లో అమలులోకి తెచ్చింది. అందులో ‘బి’ అక్షరం నిజానికి మన ‘ప’. ‘పి’ అక్షరం ప కింద ఒత్తు పెట్టిన ‘ఫ’, పాతకాలపు పండితులు పలికే ఫలం లోని ఫ. అలాగే ‘డి’, ‘టి’లు త, థలకూ, ‘జి’, ‘కె’లు క, ఖలకూ దగ్గర. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునే విద్యార్థి ‘బ’, ‘గ’ అని పలికి తప్పులో కాలేస్తాడు. అల్పప్రాణం, మహాప్రాణం అన్న తేడా ఒకటో తరగతి వర్ణమాలలోనే చదివిన తెలుగు పిల్లవాడికి దాన్ని ఒక్క పూటలో చెప్పవచ్చు. బీజింగ్ అని మనం రాసే రాజధాని పేరును చైనీయులు పలికేది ‘పెయ్‌చింగ్’కు దగ్గరగా ఉంటుంది.

దీనికంటే ముచ్చటైనది ఇంకొకటి. చలి, చాప, చుక్క అన్నప్పుడు మన నాలుక ఒకచోట తగులుతుంది. చెట్టు, చిలక అన్నప్పుడు ఇంకోచోట. మొదటిదాన్ని పాత పుస్తకాల్లో ౘ అని విడిగా రాసేవారు. ఈ రెండు చకారాల తేడా చైనీస్‌కు ప్రాణం. అక్కడ వీటికి తోడు నాలుక మడిచి పలికే మూడో చకారం కూడా ఉంటుంది. మడిచి పలకడం ట, డ, ణ, ష ఉన్న భాషవాళ్ళకు కొత్త కాదు. మన పిల్లలు తొలి రెండూ రోజూ ఇంట్లో పలుకుతూనే ఉన్నారు. తెలుగు వర్ణమాల నుంచి నేరుగా చైనీస్ ఉచ్చారణకు వెళ్ళే వాచకం ఒకటి ఎవరైనా రాస్తే, మొదటి సెమిస్టర్‌లో సగం బరువు దిగిపోతుంది.

లిపి విషయంలో అలాంటి సౌకర్యం లేదు. క్రీ.శ. 100 ప్రాంతంలో, మన దక్కన్‌లో శాతవాహనులు ఉన్న రోజుల్లో, షూ షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలను 540 శీర్షికల కింద పేర్చి నిఘంటువు కూర్చాడు. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు వచ్చేసరికి అక్షరాలు 47,000 దాటాయి, శీర్షికలు 214కు తగ్గాయి. ఈ సంఖ్యలు విని బెదరక్కర్లేదు. చైనా ప్రభుత్వం 2013లో ప్రకటించిన పట్టికలో సాధారణ చదువుకు కావలసిన మొదటి శ్రేణి 3,500 అక్షరాలు. వాటిలో చాలావరకు అర్థాన్ని సూచించే ముక్క, శబ్దాన్ని సూచించే ముక్క కలిసి ఏర్పడినవి. ముక్కలు తెలిస్తే కొత్త అక్షరం పూర్తిగా కొత్తది కాదు. చేత్తో రాయాలి, మళ్ళీ మళ్ళీ రాయాలి, గీతల వరస తప్పకుండా రాయాలి. ఫోన్‌లో నొక్కి ఎంచుకోవడం వచ్చాక రాత ఎందుకని అడిగే విద్యార్థులు ఉంటారు. రాసిన చెయ్యి గుర్తుపెట్టుకున్నంతగా కన్ను గుర్తుపెట్టుకోదు.

ఒక విషయం మాత్రం మన కోర్సులు దాటవేస్తున్నాయి. 1950లలో ప్రధాన భూభాగంలో సరళీకరించిన లిపి వచ్చింది. తైవాన్, హాంకాంగ్ పాత రూపాలనే ఉంచుకున్నాయి. సంభాషణ కోర్సులు సరళ లిపితో సరిపెడతాయి. కానీ కుమారజీవుడి అనువాదం, హుయాన్‌త్సాంగ్ యాత్ర అన్నీ పాత లిపిలో, పాత వ్యాకరణంతో ఉన్నాయి. ఆ ప్రాచీన భాష నేర్పని డిగ్రీ, విద్యార్థిని గడప దాకా తీసుకెళ్ళి అక్కడే వదిలేస్తుంది. నేర్పితే ఏమవుతుందో చూడండి. 1924 నుంచి 1934 వరకు టోక్యోలో 100 సంపుటాలుగా అచ్చయిన తైషో త్రిపిటకంలో చాలా భాగం ఇప్పుడు తైవాన్‌లోని ఒక బౌద్ధ గ్రంథ సంఘం పుణ్యమా అని ఇంటర్‌నెట్‌లో ఉచితం. ‘కరతలరత్నం’ అందులో 1578వ గ్రంథం. నాగార్జునుడి ‘మధ్యమకశాస్త్రం’ 1564వది. హుయాన్‌త్సాంగ్ యాత్రా గ్రంథం 2087వది. చీనా భవన్ కోసం తాన్ సముద్రాలు దాటించిన గ్రంథాలయం ఇవాళ గుంటూరులో ఒక విద్యార్థి ఫోన్‌లోకి వస్తుంది. చదవడం రావడమే మిగిలింది.

భాషతో పాటు సంస్కృతి అని కాలేజీ ప్రణాళికల్లో రాస్తారు. ఆచరణలో అది పండుగలు, కాగితం కత్తిరింపులు, టీ గురించిన ఒక పాఠంగా ముగుస్తుంది. నిజానికి చైనా కుటుంబంలోకి తెలుగు విద్యార్థికి ఉన్నంత సులువైన ప్రవేశం ఇంగ్లీషు విద్యార్థికి లేదు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు నలుగురికీ చైనీస్‌లో నాలుగు వేరు పిలుపులున్నాయి. పెదనాన్న వేరు, బాబాయి వేరు, మేనమామ వేరు, మేనత్త వేరు. ఇంగ్లీషులో ఒకే మాట కింద కలిసిపోయే చుట్టాలను ఇక్కడా అక్కడా విడదీసే చెబుతారు.

ఆ పోలిక ఎక్కడ తెగుతుందో చూడటంలోనే అసలు చదువు ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో సావ్ షుయేచిన్ రాసిన ‘ఎర్ర మేడ కల’ చైనీస్ నవలల్లో తలమానికం. 120 ప్రకరణాలుగా అది మొదట అచ్చయింది 1791లో. కథానాయకుడు బావ్‌యూ మనసిచ్చిన దాయ్‌యూ అతని మేనత్త కూతురు. పెద్దలు చివరికి కట్టబెట్టిన బావ్‌చాయ్ అతని తల్లి చెల్లెలి కూతురు, వయసులో అతనికంటే పెద్దది. చైనా లెక్కలో ఇద్దరూ ఒకే కోవ చుట్టాలు, నాటి ఆచారంలో ఇద్దరినీ పెళ్ళాడవచ్చు. అక్కడ నిషేధం తండ్రి అన్నదమ్ముల పిల్లల మీద, ఇంటిపేరు ఒకటే గనక. తెలుగు పాఠకుడికి దాయ్‌యూ మరదలు, పెళ్ళికి హక్కున్న పిల్ల. బావ్‌చాయ్ పిన్ని కూతురు, అంటే అక్క. ఆ పెళ్ళి ఘట్టం దగ్గర తెలుగు పాఠకుడి గుండె ఆగినంత పనవుతుంది. చైనా పాఠకుడు ఏడ్చేది దాయ్‌యూ కోసం. మనకు దాని మీద ఇంకో విడ్డూరం తోడవుతుంది. వంశం, ఇంటిపేరు, పెళ్ళి, ఆస్తి ఒకదానికొకటి అక్కడ ఎలా అల్లుకున్నాయో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పాఠం దొరకదు. బంధుత్వం మీద ఒక సెమినార్‌కు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇది చాలు. ఆ చర్చ తెలుగు తరగతిలో నడిచినంత జోరుగా లండన్‌లో నడవదు.

తెలుగువారు చైనాను అసలు చదవలేదనడం అన్యాయం. వామపక్ష ఉద్యమాల కాలంలో లూ షున్ కథలు, మావో రచనలు తెలుగులో విస్తారంగా చదివారు. 1944 మేలో సర్వేపల్లి రాధాకృష్ణన్ చైనా వెళ్ళి ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. కానీ ఆ చదువులో చాలా భాగం ఇంగ్లీషు మీదుగానే సాగింది. ఒక తరం కవులనూ కార్యకర్తలనూ కదిలించిన దేశపు భాష నేర్చుకునే చోటు మాత్రం అప్పట్లో మన దగ్గర లేదు.

1962 భారత-చైనా యుద్ధం ఆ కథనంతా మార్చేసింది. ఐదేళ్ళ కిందట, 1957 జనవరిలో, చౌ ఎన్‌లై శాంతినికేతన్ వచ్చి దేశికోత్తమ పట్టం అందుకున్నారు. యుద్ధం వచ్చాక చైనా మూలాలున్న భారతీయ కుటుంబాలను రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. తరతరాలుగా ఇక్కడే బతికినవారు, పిల్లలు, ముసలివాళ్ళు కూడా వారిలో ఉన్నారు. ఆ అన్యాయాన్ని చైనీస్ తరగతిలో చెప్పకుండా వదలకూడదు. యుద్ధం తర్వాతే ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1964లో చైనా అధ్యయన కేంద్రం వచ్చింది. అదే ఏడాది ‘చైనా రిపోర్ట్’ పత్రిక మొదలైంది. పొరుగువాడి మనసు తెలియకపోవడం ఎంత ప్రమాదమో అప్పటికి అర్థమైంది. అక్కడ, ఆ తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చైనా చదువును పెంచినవారిలో తాన్ చుంగ్ ఒకరు. తాన్ యున్-షాన్ కొడుకు. 2010లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు.

కానీ అప్పటి నుంచి ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. సంబంధాలు బాగున్నప్పుడు చైనీస్ కోర్సులు తెరుస్తాం, చెడినప్పుడు మూస్తాం. 2019 నాటి జాతీయ విద్యా విధానం ముసాయిదాలో పాఠశాలల్లో నేర్పదగ్గ విదేశీ భాషల మధ్య చైనీస్ ఉంది. 2020 జులైలో వచ్చిన తుది పత్రంలో కొరియన్, జపనీస్, థాయ్ ఉన్నాయి, చైనీస్ లేదు. ఆ మధ్యలో గల్వాన్ ఘర్షణ జరిగింది. 2020 జూన్ 15 రాత్రి మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వారిలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. తెలుగువారు ఆ దుఃఖాన్ని మరిచిపోలేరు, మరిచిపోకూడదు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలి. అవతలివాళ్ళు ఏం రాసుకుంటున్నారో, ఏం బోధించుకుంటున్నారో వాళ్ళ భాషలోనే చదవగలిగినవారు మన దేశానికి ఆ రోజు తర్వాత ఇంకా ఎక్కువ మంది కావాలి. మడమ తిప్పని సైనికుల వెనక, మూలం చదవగల పండితులూ ఉండాలి.

ఉద్యోగం ప్రశ్నకు జవాబు కూడా తెలుగునేల మీదే ఉంది. కొవిడ్‌కు ముందు చైనాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 20,000 పైమాటే, అత్యధికులు వైద్య విద్యార్థులు. వారిలో తెలుగు పిల్లలు చాలామంది. పాఠం ఇంగ్లీషులో జరిగినా రోగి మాట్లాడేది చైనీస్. అందుకే ఆసుపత్రి శిక్షణకు వెళ్ళేలోగా హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి దాటాలన్న నియమం ఉంది. ఇక్కడ ఒక్క ఏడాది పునాది వేసి పంపితే ఆ పిల్లలు రోగి మంచం పక్కన మూగగా నిలబడరు. 2020 ఫిబ్రవరి 1న వూహాన్ నుంచి ఢిల్లీకి దిగిన తొలి ఎయిరిండియా విమానంలో 324 మంది వచ్చారు. అప్పుడు వూహాన్‌లో చిక్కుకున్నవారిలో తిరుపతి దగ్గరి ప్యానెల్ కర్మాగారం కోసం శిక్షణకు వెళ్ళిన ఆంధ్ర యువ ఇంజినీర్లు ఉన్నారు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్, తడ దగ్గర అపాచీ పాదరక్షల ఫ్యాక్టరీ తైవాన్ సంస్థలవి. యంత్రాల వివరాల పుస్తకం చైనీస్‌లో, కార్మికుల మాట తెలుగులో. మధ్యలో నిలబడి రెండూ తెలిసి మాట్లాడే మనిషి విలువ ఆ ఊళ్ళలో అందరికీ తెలుసు.

హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో చైనీస్ నేర్పుతున్నారు. అది మంచి ఆరంభం. అయితే భాష ఒక్కటే ఒక విభాగంగా, బౌద్ధం ఇంకో విశ్వవిద్యాలయంలో, పురావస్తు శాస్త్రం మరోచోట ఉన్నంతకాలం తాన్ కట్టినట్టి ఇల్లు ఇక్కడ లేవదు. నాగార్జునుడి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం అమరావతికి దగ్గర్లోనే ఉంది. నాగార్జునుడిని చైనీస్‌లో చదవగలిగే విద్యార్థులు తయారవడానికి ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా తగిన చోటు ఏదీ లేదు.

రెండో వైపు, చైనాలో ఈ పని ఎలా జరిగిందో చూస్తే మనకు ధైర్యం వస్తుంది. జీ షియన్‌లిన్ జర్మనీలోని గోటింగెన్‌లో పదేళ్ళు సంస్కృతం చదివి, 1946లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్య భాషల విభాగం స్థాపించారు. సాంస్కృతిక విప్లవంలో ఆయన్ను అవమానించారు, నిర్బంధించారు. ఆ తర్వాత విద్యార్థుల వసతిగృహానికి కాపలాదారుగా కూర్చోబెట్టారు. అక్కడ కూర్చునే 1973లో వాల్మీకి రామాయణం అనువాదం మొదలుపెట్టారు. ఎవరూ అడగలేదు, అచ్చవుతుందన్న ఆశా లేదు. 1977లో పూర్తయింది, 1980 నుంచి 1984 మధ్య సంపుటాలుగా వెలువడింది. 2008లో మన ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. ఇక షూ ఫాన్‌చెంగ్ 1945లో చీనా భవన్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చి, తర్వాత పుదుచ్చేరి అరవిందాశ్రమంలో పాతికేళ్ళకు పైగా ఉండి, యాభై ఉపనిషత్తులను చైనీస్‌లోకి తీసుకెళ్ళారు. అవతలి నుంచి వచ్చినవారు ఇంత చేస్తే, ఇవతలి నుంచి వెళ్ళినవారి జాబితా చాలా చిన్నది.

చేయాల్సిన పనికి ఒక నమూనా ఇస్తే స్పష్టంగా ఉంటుంది. హుయాన్‌త్సాంగ్ గ్రంథం పన్నెండు భాగాలు. పదో భాగంలో ఆంధ్ర దేశం, ధాన్యకటకం వస్తాయి. ఆంధ్రుల మాట మధ్య దేశపు మాటకు వేరని, రాత మాత్రం దాదాపుగా అదేనని ఆయన గమనించాడు. నగరానికి తూర్పు కొండ మీద పూర్వశైల, పడమటి కొండ మీద అపరశైల ఆరామాలున్నాయని చెప్పాడు. ఈ నగరం ఏది? కన్నింగ్‌హామ్ ధరణికోట అన్నాడు. ఫెర్గూసన్ బెజవాడ అన్నాడు, సీవెల్ ఆయనతో ఏకీభవించాడు. మన చరిత్ర పుస్తకాలు ఈ వాదాన్ని శామ్యూల్ బీల్ 1884లో వేసిన ఇంగ్లీషు అనువాదం మీదా, 1904-05లో వచ్చిన థామస్ వాటర్స్ వ్యాఖ్య మీదా ఆధారపడి నడిపాయి. 1985లో జీ షియన్‌లిన్ బృందం ఆ గ్రంథానికి విపులమైన చైనీస్ పరిష్కరణ ప్రచురించింది. దాన్ని చేతబట్టుకుని, కొండ అన్న చోట ఏ కొండ, ఎన్ని లీల (చైనా దూర కొలత) దూరం అన్నచోట ఏ దారి అని మొగల్రాజపురం గుహల నుంచి ఉండవల్లి మీదుగా అమరావతి దాకా నడిచి చూసి తెలుగులో రాయగల మనిషి కావాలి.

అలాంటి పరిశోధకుడు తయారవడానికి రెండేళ్ళ ఆధునిక చైనీస్, రెండేళ్ళ ప్రాచీన చైనీస్, పక్కన సంస్కృతం, ఒక ఏడాది చైనాలోనో తైవాన్‌లోనో ఉండి చదవడం అవసరం. ఐదేళ్ళ ఆగుదల తర్వాత 2025 అక్టోబరులో రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు మళ్ళీ మొదలయ్యాయి గనక ఆ ఏడాది ప్రయాణం ఇప్పుడు సాధ్యమే. జీతాల కోసం ఏటేటా ఒప్పందం రాసుకునే అతిథి అధ్యాపకులతో ఇది జరగదు. శాశ్వతమైన పోస్టులు రెండు, ఒకటి ఆధునిక భాషకు, ఒకటి ప్రాచీన గ్రంథాలకు, ఒక పురావస్తు విభాగం పక్కనే ఉండేట్టు, తెలుగు రాష్ట్రాల్లో ఏదో ఒక విశ్వవిద్యాలయం వచ్చే విద్యా సంవత్సరానికే ప్రకటించవచ్చు.